తరగతి బ్లాగుతో పాఠం: గోదావరి డెల్టా ఉపాధ్యాయులకు సమగ్ర మార్గదర్శి

తరగతికి ఒక బ్లాగు ఎలా తెరవాలో పది నిమిషాల్లో చెప్పేయవచ్చు. తెరిచిన బ్లాగు దసరా సెలవులు దాటాక కూడా ఎలా బతుకుతుంది, దానివల్ల పిల్లలకు పాఠం ఎలా ఒంటబడుతుంది అన్నవే తోటి ఉపాధ్యాయులు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు. ఏటిగట్టు పక్కన ఉన్న ఒక ఉన్నత పాఠశాలలో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలతో ఈ పని చేస్తున్నాను. చేసిన క్రమంలోనే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. టపా (బ్లాగులో పెట్టే ఒక్కో రచన) తెరమీద కనిపించిన రోజున పిల్లలు సంతోషిస్తారు. నేర్చుకునేది మాత్రం దానికి ముందు వారంలో. తోటి పిల్లవాడు "ఇది నీకెలా తెలుసు?" అని అడిగినప్పుడు, జవాబు వెతుక్కుని వచ్చి రాసినదాన్ని మళ్లీ రాసినప్పుడు చదువు జరుగుతుంది. కింది పనులన్నీ ఆ తిరగరాతకు చోటు కల్పించడానికే.

## 1. బ్లాగు తెరిచే ముందు తేల్చుకోవలసినవి

ఏ సబ్జెక్టు కోసం, ఏ పాఠాల కోసం అన్నది ముందు రాసుకోండి. "పిల్లల సృజనాత్మకత కోసం" అని మొదలుపెట్టిన బ్లాగుల్లో నెల తిరిగేసరికి పండుగ శుభాకాంక్షలు తప్ప ఏమీ మిగలవు. "ఎనిమిదో తరగతి జీవశాస్త్రంలో పంటల పాఠం, సాంఘికశాస్త్రంలో నీటి వనరుల పాఠం" అనుకుంటే పని దొరుకుతుంది.

మొదటి ఏడాది ఒక తరగతి, ఒక సబ్జెక్టు చాలు. నలభై మంది పిల్లలుంటే నలుగురేసి చొప్పున పది జట్లు చేయండి. వారానికి రెండు జట్ల టపాలు వస్తే ప్రతి జట్టుకూ ఐదు వారాలకొకసారి వంతు వస్తుంది. అంతకు మించి పెట్టుకుంటే దిద్దడం మీవల్ల కాదు. దిద్దకుండా పెట్టిన టపా పిల్లవాడికి ఏమీ నేర్పదు.

పాఠకులెవరో కూడా ఇప్పుడే నిర్ణయించండి. నా సలహా: మొదటి పాఠకులు పక్క సెక్షన్ పిల్లలు, తర్వాత తల్లిదండ్రులు. లోకమంతా చదవాలన్న ఆశ మొదటి ఏడాదికి వద్దు.

## 2. అనుమతులు

ఇది విసుగు పుట్టించే పని. అయినా వదిలేయకండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం లెక్కలో 18 ఏళ్లు నిండని వారంతా బాలలే. వారి వ్యక్తిగత సమాచారాన్ని వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని ఆ చట్టం చెబుతోంది. చట్టం సంగతి అలా ఉంచినా, తన బిడ్డ పేరు, ఊరు, ఫొటో ఎక్కడ కనిపిస్తున్నాయో తెలుసుకునే హక్కు తల్లికి ఉంది.

ఉత్తరం ఒక పేజీలో, తేలిక తెలుగులో ఉండాలి. పిల్లలతో ఇంటికి పంపి సంతకం తెప్పించుకుంటే చాలదు. తల్లిదండ్రుల సమావేశంలో పాత టపా ఒకటి ప్రింటు తీసి చూపించండి. చదవలేని తల్లులకు చదివి వినిపించండి. చూశాక ఒప్పుకున్న సమ్మతికి విలువ ఉంటుంది.

సరిచూసుకోండి:

- ప్రధానోపాధ్యాయుల రాతపూర్వక అనుమతి ఉందా?
- ప్రతి పిల్లవాడికీ తల్లి లేదా తండ్రి సంతకం ఉందా?
- "పేరు వద్దు", "ఫొటో వద్దు" అనే గళ్లు ఉత్తరంలో ఉన్నాయా?
- సమ్మతి ఇవ్వని పిల్లలకు అదే పని నోటుపుస్తకంలో చేసే వీలు కల్పించారా?

చివరి అంశం ముఖ్యం. సమ్మతి రాని పిల్లలను పక్కన కూర్చోబెట్టకూడదు. వాళ్లూ జట్టులో ఉంటారు, ప్రశ్నలు అడుగుతారు, కొలతలు తీస్తారు. వాళ్లు రాసింది మాత్రం నోటుపుస్తకంలోనే ఉంటుంది.

## 3. ఖాతా, అమరికలు

బ్లాగులు పెట్టుకోవడానికి గూగుల్ వారి సేవ అయిన బ్లాగర్ ఉచితం, ఫోనులోనూ తెరుచుకుంటుంది. వర్డ్‌ప్రెస్ కూడా వాడవచ్చు. నేను బ్లాగర్‌తో చేశాను కాబట్టి దాని గురించే చెబుతాను.

పిల్లలకు విడివిడి ఖాతాలు తెరవకండి. తరగతికంతా ఒకే ఖాతా, అది మీ చేతిలో ఉండాలి. మీ సొంత మెయిలు కాకుండా బ్లాగు కోసమే కొత్త ఖాతా తీసుకోండి. రెండంచెల భద్రత (పాస్‌వర్డు తర్వాత మరో ధ్రువీకరణ అడిగే ఏర్పాటు) పెట్టండి. పాఠశాలలోని మరొక ఉపాధ్యాయుణ్ని కూడా నిర్వాహకులుగా చేర్చండి. మీకు బదిలీ వచ్చిన రోజున ఈ జాగ్రత్త విలువ తెలుస్తుంది.

తర్వాత సెట్టింగ్స్‌లో ఈ మార్పులు చేయండి:

1. శోధన యంత్రాలకు కనిపించే వీలును ఆపేయండి.
2. వ్యాఖ్యలన్నీ మీరు చూసి ఆమోదించాకే కనిపించేలా పెట్టండి.
3. సమయ మండలాన్ని భారత కాలమానానికి మార్చండి. లేదంటే ఉదయం పెట్టిన టపా ముందురోజు తేదీతో కనిపిస్తుంది.
4. భాష తెలుగు చేయండి.

బ్లాగును ఆహ్వానితులకు మాత్రమే కనిపించేలా పెట్టే వీలు కూడా ఉంది. కానీ అలా పెడితే తల్లిదండ్రులు తమ గూగుల్ ఖాతాతో లోపలికి రావలసి ఉంటుంది, చాలామంది అక్కడే ఆగిపోతారు. శోధనలో కనిపించకుండా చేసి, చిరునామాను తల్లిదండ్రుల వాట్సాప్ గుంపులో మాత్రమే ఇవ్వడం మాకు కుదిరిన మధ్యేమార్గం. చిరునామా తెలిసినవారెవరైనా చదవగలరన్న సంగతి మాత్రం మరువకూడదు. అందుకే కింద చెప్పే పేర్ల నియమం, ఫొటోల నియమం ఎప్పుడూ సడలించకండి.

టపా కింద పిల్లవాడి అసలు పేరు, ఇంటిపేరు వద్దు. మా తరగతిలో ప్రతి జట్టూ ఒక పేరు పెట్టుకుంటుంది. వశిష్ఠ, గౌతమి, వైనతేయ అని మొదలైన పేర్లు ఇప్పుడు కొంగ, పీత, బొండు మల్లె దాకా వచ్చాయి.

## 4. తెలుగు టైపింగు

బ్లాగులు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. రాయవలసిన విషయం ఉన్నా టైపు చేయలేక పిల్లలు రెండు వాక్యాలతో సరిపెడతారు.

ఫోనులో అయితే గూగుల్ వారి కీబోర్డు జీబోర్డులో తెలుగు చేర్చుకుంటే చాలు. వేలితో తెరమీద అక్షరం రాసినా, నోటితో చెప్పినా టైపు అవుతుంది. నోటితో చెప్పే పద్ధతి వేగంగా ఉంటుంది కానీ విరామచిహ్నాలు సరిగా పడవు. బోదె (చేలకు నీళ్లు తెచ్చే పిల్లకాలువ), దాళ్వా (రెండో పంట వరి), ఒలుపు వంటి మన మాటలు తరచూ వేరే మాటలుగా మారిపోతాయి. కాబట్టి ఒకరు చెప్పాలి, ఇంకొకరు కాగితం పక్కన పెట్టుకుని సరిచూడాలి.

కంప్యూటర్లో భారతీయ భాషల కీబోర్డు అమరిక అయిన ఇన్‌స్క్రిప్ట్ నేర్పమని గట్టిగా చెబుతాను. అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతి వైపు, హల్లులు కుడిచేతి వైపు ఉంటాయి. రోజుకు పది నిమిషాల చొప్పున మూడు వారాలు చేస్తే పిల్లలు మీకంటే ముందుంటారు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే అలవాటు పడితే ణ–న, ళ–ల తేడాలు పిల్లల చేతిరాతలో కూడా చెరిగిపోవడం చూశాను.

రెండు చిక్కులు, వాటి పరిష్కారాలు:

అను ఫాంట్లు. ఊళ్లో డీటీపీ చేసేవారి దగ్గర టైపు చేయించిన ఫైలును బ్లాగులో అతికిస్తే అర్థంకాని గుర్తులు కనిపిస్తాయి. అది యూనికోడ్ (అన్ని పరికరాల్లోనూ ఒకేలా చదవగలిగే అక్షర పద్ధతి) కాకపోవడమే కారణం. మార్పిడి సాధనాలు ఉన్నాయి, అయినా ఒత్తులు తారుమారవుతాయి. మొదటి నుంచీ యూనికోడ్‌లోనే టైపు చేయించండి.

కలిసిపోయే అక్షరాలు. "సాఫ్ట్‌వేర్" అని కొట్టబోతే ట కింద వ ఒత్తు చేరుతుంది. పొల్లు తర్వాత అక్షరాలను విడదీసే ఒక కనిపించని గుర్తు ఉంది. కీబోర్డులో అది ఎక్కడుందో ఒకసారి చూపిస్తే చాలు.

## 5. మొదటి రెండు వారాలు కాగితం మీదే

కంప్యూటరు గదికి వెళ్లకండి. ఈ రెండు వారాలూ తరగతి గోడే మీ బ్లాగు. ఒక జట్టు తన టపాను చార్టు మీద రాసి అంటిస్తుంది. మిగతా పిల్లలు చిన్న చీటీల మీద ప్రశ్నలు రాసి దాని కింద అతికిస్తారు. మరుసటి రోజు ఆ జట్టు చీటీలన్నీ చదివి, వేరే రంగు సిరాతో చార్టును దిద్దుతుంది.

ఈ వారాల్లో పిల్లలు మూడు సంగతులు పట్టుకుంటారు: తాము రాసింది ఎవరో చదువుతున్నారని, చదివినవాడు ప్రశ్న అడుగుతాడని, దిద్దుకోవడం పరువు తక్కువ కాదని. ఇవి రాకుండా తెర ముందు కూర్చోబెడితే రంగులు, ఫాంట్లు మార్చడంతో పీరియడు గడిచిపోతుంది.

## 6. ఒక టపా పుట్టే క్రమం

మా దగ్గర ఒక టపాకు ఐదు పీరియడ్లు పడుతుంది. తగ్గించాలని చూశాను, కుదరలేదు.

మొదటి పీరియడు: ప్రశ్న. "కాలువలు" అంటే అంశం. "మా చేనికి నీళ్లు ఎందుకు ఆలస్యంగా వస్తాయి?" అంటే ప్రశ్న. ప్రతి జట్టూ ప్రశ్నతోనే మొదలుపెట్టాలి. తమ కళ్లతో చూసి గానీ, కొలిచి గానీ, ఇంట్లో పెద్దవాళ్లను అడిగి గానీ జవాబు చెప్పగలిగిన ప్రశ్న అయి ఉండాలి.

రెండో పీరియడు: చిత్తుప్రతి. నోటుపుస్తకంలో ఎడమ పేజీ మీద మాత్రమే రాయించండి. కుడి పేజీ ఖాళీగా ఉండాలి, అవసరం తర్వాత వస్తుంది.

మూడో పీరియడు: ప్రశ్నల చీటీలు. పుస్తకాలు జట్ల మధ్య మారతాయి. చదివిన జట్టు మూడు ప్రశ్నలు రాయాలి. తప్పులు దిద్దకూడదు, అడగాలి అంతే.

ఇది ఎలా పనిచేస్తుందో ఒక నమూనా చూడండి. ఎనిమిదో తరగతి జట్టు రాసే తొలి చిత్తుప్రతి సాధారణంగా ఇలా ఉంటుంది:

"మా ఊరి కాలువ చాలా అందంగా ఉంటుంది. అందులో ఎప్పుడూ నీరు పారుతుంది. కాలువ రైతులకు ఎంతో ఉపయోగపడుతుంది. కాలువను మనమందరం కాపాడుకోవాలి."

దానికి వచ్చే చీటీలు:

"ఎప్పుడూ పారుతుందా? వేసవిలో కట్టేస్తారు కదా?"

"ఏ రైతులకు? మీ చేనికి నీళ్లు ఎటునుంచి వస్తాయి?"

"ఎవరి నుంచి కాపాడాలి?"

ఇప్పుడు కుడి పేజీ మీద రెండో ప్రతి:

"మా ఇంటి వెనక పంటకాలువను వేసవిలో కట్టేశారు. అడుగు తేలాక వంతెన నుంచి లాకుల దాకా నడిచి చూశాం. ప్లాస్టిక్ సీసాలు 43 లెక్కపెట్టాం. జూన్‌లో నీళ్లు వదిలారు. మా చేను బోదె చివర ఉంది. ముందున్న చేలు తడిశాకే మాకు అందుతాయి. ఈసారి ఆరు రోజులు పట్టిందని తాతయ్య చెప్పారు. శివారు భూములంటే ఏమిటో మాకు అప్పుడు అర్థమైంది."

రెండింటి మధ్యా ఉపాధ్యాయుడు ఒక్క వాక్యమైనా చెప్పలేదు. మూడు చీటీలే ఈ పని చేశాయి. అందుకే ఈ పీరియడును ఎప్పుడూ కుదించకండి.

నాలుగో పీరియడు: సరిచూడడం, టైపు చేయడం. జట్టులో ఇద్దరు టైపు చేస్తారు. మిగతా ఇద్దరు అంకెలు, పేర్లు, తేదీలు మరోసారి చూస్తారు. టపాకు లేబుళ్లు తగిలిస్తారు: పాఠం పేరు, నెల, జట్టు పేరు. మూడు లేబుళ్లు చాలు.

ఐదో పీరియడు: పెద్దగా చదవడం, ప్రచురించడం. ప్రచురించే ముందు జట్టులో ఒకరు తరగతికి చదివి వినిపించాలి. చదివేటప్పుడు నాలుక తడబడిన చోట వాక్యం బాగాలేదని అర్థం. అక్కడికక్కడే మార్చి, మీరు ప్రచురించండి. ప్రచురించే మీట మీ చేతిలోనే ఉండాలి.

## 7. పేర్లు పెట్టి రాసేటప్పుడు

ఈ నియమం మాకు దెబ్బతిన్నాక వచ్చింది. రెండో ఏడాది ఒక జట్టు, ఊరి చివరి రొయ్యల చెరువు నీటిని మురుగు కాలువలోకి వదలడంతో చేపలు చచ్చిపోతున్నాయని, చెరువు యజమాని పేరు పెట్టి రాసింది. నేను వాక్యాలు దిద్దానే తప్ప, చూశారా అని అడగలేదు. మూడో రోజున ఆయన పాఠశాలకు వచ్చి నిలదీశారు. పిల్లలు చూడలేదు, విన్నారంతే. టపా తీసేశాం. పిల్లలు తలదించుకుని కూర్చున్న ఆ పీరియడు నాకింకా గుర్తుంది. తప్పు వాళ్లది కాదు, నాది.

తర్వాతి వారం ఒకరి తండ్రిని తోడు తీసుకుని అదే జట్టు మురుగు కాలువ దగ్గరకు నాలుగు రోజులు వెళ్లింది. నీటి రంగు, వాసన, సమయం రాసుకుంది. చెరువు యజమాని దగ్గరకు వెళ్లి నీళ్లు ఎందుకు మారుస్తారని అడిగింది. ఆయన మేత, ఏరేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు), అడుగున చేరే బురద గురించి అరగంట చెప్పారు. రెండోసారి రాసిన టపాలో ఎవరి పేరూ లేదు. కానీ ఊళ్లో అందరూ చదివిన టపా అదే.

అప్పటి నుంచి మా నియమాలు:

- ఊరివారి గురించి రాస్తే వృత్తితో రాయాలి, పేరుతో కాదు: "ఒక దింపు కార్మికుడు" (కొబ్బరికాయలు దింపేవారు), "పంటు నడిపే ఆయన" (ఏరు దాటించే పడవ నడిపేవారు).
- ఎవరిమీదైనా ఆరోపణ ఉంటే, వారితో మాట్లాడకుండా టపా రాదు.
- విన్నదాన్ని "విన్నాం" అని, చూసినదాన్ని "చూశాం" అని వేరుగా రాయాలి.

## 8. వ్యాఖ్య రాయడం కూడా పాఠమే

వదిలేస్తే అన్ని టపాల కిందా "సూపర్", "బాగుంది" అనే మాటలే ఉంటాయి. వాటిని ఆమోదించకండి. మా దగ్గర వ్యాఖ్యలో రెండు భాగాలుండాలి: ఈ టపాలో నాకు కొత్తగా తెలిసిన సంగతి ఒకటి, నాకు ఇంకా తెలియని సంగతి ఒకటి.

"కొబ్బరికాయ ఒలిచే ఇనుప గుచ్చును నేలలో పాతుతారని నాకు తెలియదు. ఒక మనిషి రోజుకు ఎన్ని కాయలు ఒలుస్తాడు?" ఇలాంటి వ్యాఖ్య వస్తే టపా రాసిన జట్టు మళ్లీ తోటకు పరుగెత్తుతుంది.

టపా వచ్చిన వారంలోగా ప్రతి ప్రశ్నకూ జట్టు జవాబివ్వాలి. జవాబు దొరకకపోతే "అడిగాం, తెలియలేదు" అని రాయవచ్చు.

ఎగతాళి వ్యాఖ్య వస్తే చడీచప్పుడు లేకుండా ఆపేసి, రాసిన పిల్లవాణ్ని విడిగా పిలిచి మాట్లాడండి. తరగతి ముందు చదవకండి.

## 9. ఫొటోలు

పిల్లల ముఖాలు కనిపించే ఫొటోలు వద్దు. చేతులు, పనిముట్లు, మొక్కలు, కొలబద్దలు చాలు. ఇంటి నంబరు, బండి నంబరు, పాఠశాల బోర్డు కనిపించకూడదు.

ఫోనుతో తీసిన ఫొటోలో, ఆ అమరిక ఉంటే, తీసిన చోటు కూడా దాగి ఉంటుంది. కెమెరా సెట్టింగ్స్‌లో దాన్ని ఆపేయండి.

అంతర్జాలంలో దొరికిన బొమ్మలు తెచ్చి పెట్టడం పిల్లలకు వెంటనే అలవాటవుతుంది. సొంత ఫొటో లేకపోతే బొమ్మ గీయించి దాన్ని ఫొటో తీయించండి. తప్పనిసరైతే ఎవరైనా వాడుకోదగిన బొమ్మలుండే వికీమీడియా కామన్స్ నుంచి తీసుకుని, తీసినవారి పేరు, లైసెన్సు కింద రాయించండి. ఇతరుల సొమ్ము వాడుకుంటే చెప్పి వాడుకోవాలన్న సంగతి ఈ వయసులోనే తెలియాలి.

## 10. నిజం సరిచూడడం

ప్రతి టపాలోనూ అంకెలకు, తేదీలకు కింద గీత గీయించండి. గీసిన ప్రతిచోటా "ఇది ఎక్కడిది?" అన్న దానికి జవాబుండాలి.

మన ప్రాంతంలో తరచూ వచ్చే పొరపాటు ఒకటి చెబుతాను. "ధవళేశ్వరం బ్యారేజీని కాటన్ దొర 1852లో కట్టారు" అని దాదాపు ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు రాస్తారు. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1852 నాటికి పూర్తయినది ఆనకట్ట. ఇప్పుడు మనం బస్సులో దాటే బ్యారేజీ దాని స్థానంలో చాలాకాలం తర్వాత కట్టినది, ఆయన పేరు పెట్టుకున్నది. ఈ తేడాను నేను చెప్పను. "ఆనకట్టకూ బ్యారేజీకీ తేడా ఏమిటి?" అని చీటీ రాసి పంపుతాను. గేట్లు ఉన్నాయా లేవా అన్న దగ్గర మొదలై పిల్లలే దారి కనుక్కుంటారు.

తప్పు ప్రచురించాక బయటపడితే చడీచప్పుడు లేకుండా మార్చవద్దు. టపా చివర "సవరణ" అని తేదీతో రాయించండి.

## 11. ఏడాది పొడవునా ఏం రాయించాలి

డెల్టాలో పుట్టిన పిల్లలకు అంశాల కొరత లేదు. నెలలను బట్టి ముందే గోడమీద రాసి పెట్టుకుంటే చాలు.

జూన్, జూలై. కాలువలకు నీళ్లు, సార్వా (తొలి పంట వరి) నారుమళ్లు. విత్తిన రోజు నుంచి నాటు దాకా మొక్క ఎత్తు రెండు రోజులకొకసారి కొలిచి పట్టిక వేయించవచ్చు. గోదావరిలో ఎర్రనీరు వచ్చిన రోజు రాయించండి. ఒక గాజు సీసాలో ఆ నీళ్లు పట్టి కదపకుండా ఉంచితే ఎంత మట్టి అడుగుకు చేరుతుందో స్కేలుతో కొలవవచ్చు. డెల్టా ఎలా ఏర్పడిందో చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు కనబడలేదు.

ఆగస్టు. వరద దినచర్య. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. రోజూ పత్రికలో వచ్చే అంకెను రాసుకుని రేఖాపటం గీయాలి. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు దాదాపు 28.3 లీటర్లు. మొదటి హెచ్చరిక నాటికి సెకనుకు 2.83 కోట్ల లీటర్లు పోతున్నాయని లెక్కకట్టిన రోజున తరగతి నిశ్శబ్దమైపోయింది. లంక (ఏటి మధ్య దీవి) ఊళ్ల పిల్లలుంటే ఇళ్లలో సామాను ఏ క్రమంలో పైకెక్కిస్తారో వాళ్లచేత రాయించండి. వరదప్పుడు కొలతల కోసం ఏ పిల్లవాడూ ఏటి దగ్గరకు వెళ్లకూడదు. ఇది ఖచ్చితమైన నియమం.

అక్టోబరు నుంచి డిసెంబరు. తుపాను హెచ్చరికలు, సార్వా కోతలు, ధాన్యంలో తేమ. 1996 నవంబరు తుపాను కోనసీమను ఎలా కుదిపిందో ఇంట్లో పెద్దవాళ్లకు గుర్తుంటుంది. వాళ్లతో మాట్లాడి రాయించేటప్పుడు ముందే ఐదు ప్రశ్నలు సిద్ధం చేయించండి. ఆ జ్ఞాపకాలు కొందరికి బాధాకరం. చెప్పనంటే బలవంతపెట్టకూడదని పిల్లలకు చెప్పాలి.

జనవరి. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం. ప్రభ కట్టడంలో వెదురు ఎలా వంచుతారు, బరువు ఎలా మోస్తారు అన్న ప్రశ్నలు భౌతికశాస్త్రానికి సరిపోతాయి.

ఫిబ్రవరి. సముద్రానికి దగ్గరగా, యానాం, అంతర్వేది వైపు ఉన్న పాఠశాలలకు ఆటుపోట్లు. రేవులో పది సెంటీమీటర్లకొక గీత గీసిన వెదురుకర్రను పెద్దవాళ్ల చేత పాతించి, పోటు గరిష్ఠానికి చేరిన సమయాన్ని వారం రోజులు రాయించండి. రోజురోజుకూ అది దాదాపు 50 నిమిషాలు ఆలస్యం కావడం పిల్లలే కనిపెడతారు. ఎందుకో వెతికేటప్పుడు చంద్రుడి దాకా వెళతారు.

కడియం నర్సరీల అంటుమొక్కలు, ఆత్రేయపురం పూతరేకుల కుండ, అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు ఎప్పుడైనా పనికొస్తాయి. అయితే "మా ఊరి ప్రత్యేకత" అన్న శీర్షిక మాత్రం ఇవ్వకండి. వెంటనే పొగడ్తలు మొదలవుతాయి.

## 12. కరెంటు, నెట్ లేని రోజున

ఈదురుగాలికి కరెంటు పోవడం మనకు కొత్త కాదు. చిత్తుప్రతి ఎప్పుడూ కాగితం మీదే ఉంటుంది కాబట్టి ఐదింట మూడు పీరియడ్లకు నెట్ అక్కర్లేదు. టైపు చేసినదాన్ని మామూలు ఫైలుగా దాచుకుని సిగ్నలు ఉన్నచోటి నుంచి మీరు పెట్టవచ్చు.

ఇంట్లో ఫోను లేని పిల్లలకోసం ప్రతి టపాను ఒక ప్రతి ప్రింటు తీసి నోటీసుబోర్డు మీద పెట్టండి. ఇంట్లో ఫోనులో చేయవలసిన పని ఏదీ ఇవ్వకండి. ఇస్తే ఫోను ఉన్న ఇంటికీ లేని ఇంటికీ మధ్య తేడా మార్కుల్లోకి వస్తుంది.

## 13. మార్కులు

టపా అందానికి మార్కులు వేయకండి. ఎడమ పేజీకీ కుడి పేజీకీ మధ్య వచ్చిన మార్పుకు వేయండి. పది మార్కులకు నా లెక్క: చీటీల్లోని ప్రశ్నలకు జవాబు దొరికిందా, 4; అంకెలకు ఆధారం ఉందా, 2; ఇతరులకు మంచి ప్రశ్నలు అడిగారా, 3; భాష, 1. భాషకు ఒకటేనా అని తెలుగు మాస్టారు మొదట నొచ్చుకున్నారు. రాసింది పదిమంది చదువుతారని తెలిశాక పిల్లలే వచ్చి "మాస్టారూ, ఇక్కడ ష రాయాలా, శ రాయాలా?" అని ఆయన్ను అడగడం మొదలుపెట్టారు.

## 14. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి మందు

టపాలన్నీ ఒకేలా ఉన్నాయి. అంశం ఇచ్చారు, ప్రశ్న ఇవ్వలేదు. మొదటి పీరియడుకు తిరిగి వెళ్లండి.

ఎక్కడినుంచో ఎత్తి రాశారు, లేదా ఫోనులోని కృత్రిమ మేధను అడిగి రాశారు. మందలింపుతో ఆగదు. టపాలో వాళ్లు స్వయంగా కొలిచిన అంకె ఒకటి, స్వయంగా మాట్లాడిన మనిషి మాట ఒకటి తప్పనిసరి చేయండి. కుడి పేజీ ఖాళీగా ఉన్న టపాను ప్రచురించకండి.

జట్టులో ఒకరే పనంతా చేస్తున్నారు. ప్రశ్నించేవారు, కొలిచేవారు, రాసేవారు, సరిచూసేవారు అని పనులు పంచి, టపా టపాకూ మార్చండి. ఆడపిల్లలకు రాతపని, మగపిల్లలకు బయటి కొలతలు అని తెలియకుండానే స్థిరపడిపోతుంది. కనిపెట్టి మార్చవలసింది మీరే.

మీరే ఎక్కువ దిద్దుతున్నారు. టపా మీ గొంతులో వినబడితే పిల్లవాడి తల్లి ఇట్టే పోల్చుకుంటుంది. అర్థం చెడగొట్టే తప్పులు మాత్రం దిద్దండి.

పరీక్షల ముందు ఆగిపోయింది. ఆగనివ్వండి. ఫిబ్రవరి తర్వాత కొత్త టపాలు వద్దు. పాత టపాలను లేబుళ్ల వారీగా తెరిచి పాఠాల పునశ్చరణకు వాడండి.

## 15. ఏడాది చివర

ఏప్రిల్లో ఈ పనులు చేయండి:

- బ్లాగర్ సెట్టింగ్స్‌లోంచి టపాలు, వ్యాఖ్యలు ఉన్న బ్యాకప్ ఫైలు దించుకోండి. అందులో ఫొటోలు రావు, వాటిని విడిగా ఒక పెన్‌డ్రైవులో దాచండి.
- ప్రతి జట్టూ తన టపాల్లో ఒకటి ఎంచుకుని, అప్పటికి తెలియక ఇప్పుడు తెలిసినది ఒక పేరాగా చేర్చాలి.
- టపాలన్నీ ప్రింటు తీసి కుట్టించి పాఠశాల గ్రంథాలయంలో పెట్టండి.
- తమ టపా తీసేయమని పిల్లలు గానీ, తల్లిదండ్రులు గానీ అడిగితే కారణం అడగకుండా తీసేయండి.
- ఖాతా వివరాలు ఒక కవరులో రాసి ప్రధానోపాధ్యాయులకు ఇవ్వండి. రెండేళ్లు ఎవరూ తెరవని ఖాతాను గూగుల్ తొలగించే అవకాశం ఉంది, కాబట్టి వేసవిలో ఒక్కసారైనా తెరిచి చూడండి.

జూన్‌లో కొత్త ఎనిమిదో తరగతి వచ్చినప్పుడు మొదటి రోజు వాళ్ల చేతికి ఇవ్వవలసింది ఆ కుట్టించిన పుస్తకమే. ఏదో ఒక టపా చదవమనండి, కింద ఒక ప్రశ్న రాయమనండి. రాసిన అన్నలు, అక్కలు తొమ్మిదో తరగతి గదిలోనే ఉంటారు, వెళ్లి అడిగి రమ్మనండి.